గొడ్లకు రోగం తగిలితే ఏ పని ముందు? ఒడిశా సరిహద్దు ఊళ్ల లెక్క

పటం మీద పర్లాకిమిడి దగ్గర ఒక చుక్క పెట్టి, 5 కిలోమీటర్ల వ్యాసార్థంతో గుండ్రం గీయండి. కొంత భాగం గజపతి జిల్లాలో ఉంటుంది, మిగిలింది మహేంద్రతనయ నది దాటి శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వైపు పడుతుంది. కాశీనగరం దగ్గర గీసినా ఇంతే, వంశధార అవతల భామిని, కొత్తూరు ఊళ్లు లోపలికి వచ్చేస్తాయి. పశువులకు అంటురోగం తగిలినప్పుడు టీకాల ప్రణాళిక నడిచేది ఈ గుండ్రం మీదే. గొడ్లకు ముద్దచర్మ వ్యాధి (లంపీ స్కిన్) వచ్చినప్పుడు కేంద్రం ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది: రోగం ఉన్న ఊరి చుట్టూ 5 కిలోమీటర్ల మేర టీకా వేయాలి, 10 కిలోమీటర్ల లోపు పశువుల సంతలు ఆపాలి.

కాగితం మీద గుండ్రం ఒక్కటే. పని దగ్గరికి వచ్చేసరికి రెండు శాఖలు, రెండు టీకా ఇండెంట్లు (టీకాలు పంపమని కోరే పత్రాలు), రెండు భాషల రిజిస్టర్లు. అవతలి వైపు సగానికి కబురు అందేలోపే ఒక సంత గడిచిపోతుంది. ఈ సరిహద్దులో రోగం ముదరడానికి మందుల కొరత కన్నా పనుల వరుస తప్పడమే ఎక్కువగా కారణమవుతుంది. అందరూ మొదట అడిగేది ‘టీకా ఎప్పుడు వేస్తారు?’ అని. నిజానికి టీకా నాలుగో పని. దాని ముందు కబురు, నమూనా, రాకపోకల కట్టడి ఉన్నాయి. ఈ మూడూ సరిగా జరగకపోతే టీకా బృందమే రోగాన్ని మోసుకుపోతుంది.

కబురులో ఏం ఉండాలి

2009లో వచ్చిన పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం అనుమానం కలిగిన యజమాని గ్రామ అధికారికి గానీ పంచాయతీకి గానీ చెప్పాలి. వాళ్లు దగ్గర్లోని పశువైద్యుడికి రాతపూర్వకంగా తెలపాలి. పక్క రాష్ట్రానికి తెలియజేసే బాధ్యతను కూడా ఆ చట్టం రాష్ట్ర ప్రభుత్వం మీదే పెట్టింది. ఆ తెలియజేయడం భువనేశ్వర్ నుంచి ఆంధ్ర రాజధానికి, అక్కడి నుంచి జిల్లాకి, జిల్లా నుంచి మండలానికి దిగుతుంది. మేకలకు, గొర్రెలకు వచ్చే పారుడు రోగం (పీపీఆర్) అంత తీరిగ్గా ఆగదు. అధికారిక లేఖ దాని దారిన అది వెళ్తుండగానే, ఒడిశా వైపు గుణుపురం బ్లాకు పశువైద్యుడు అవతలి మండలం పశువైద్యుడికి అదే రోజు ఫోన్ చేయాలి. ఇద్దరి నంబర్లూ ఇద్దరి గోడల మీదా ముందే రాసి ఉండాలి. రోగం వచ్చాక నంబరు వెతుక్కుంటే ఒక పూట పోతుంది.

రైతులకు పశువైద్యం కోసం ఫోన్ చేసే 1962 నంబరు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే. సరిహద్దులో ఫోన్ అవతలి టవర్ సిగ్నల్ పట్టుకుంటే కాల్ అవతలి రాష్ట్రానికి వెళ్లే అవకాశం ఉంది. అందుకే నోరు తెరవగానే రాష్ట్రం, జిల్లా, బ్లాకు, ఊరు చెప్పి ఆ తర్వాతే జబ్బు సంగతి చెప్పాలి.

‘మా ఊళ్లో మేకలు చచ్చిపోతున్నాయి, రండి’ అంటే అవతల కూర్చున్నవాడికి ఏమీ తేలదు. కబురు ఇలా ఉండాలి: ఊళ్లో మేకలు, గొర్రెలు కలిపి 420. జబ్బుపడ్డవి 25, చచ్చినవి 6. మొదటిది పడింది సోమవారం. ముక్కు కారుతోంది, కళ్లు పుసులు కడుతున్నాయి, నోట్లో పుండ్లు, పారుడు. గత మూడు వారాల్లో సంత నుంచి 4 మేకలు వచ్చాయి. ఊరి నుంచి 9 అమ్ముడుపోయాయి, కొన్నది ఫలానా ఊరి బేరగాడు. ఈ చివరి రెండు ముక్కలే అన్నిటికన్నా విలువైనవి. వచ్చిన 4 మేకలు రోగం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాయి, పోయిన 9 మేకలు తర్వాత ఏ ఊళ్లో లేస్తుందో చెబుతాయి. చచ్చిన 6 మేకల సంగతి చెప్పడానికి అందరూ వస్తారు, అమ్మిన 9 గురించి మాత్రం అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

పేర్ల గొడవ ఒకటి ఉంది. మనం గాలికుంటు అన్నదాన్ని ఒడియాలో ఫాటువా అంటారు. గొంతువాపు వాళ్లకు సాహాణా. జబ్బవాపు చడచడియా. గూడలో సవర రైతు ఒడియాలో చెప్పింది తెలుగువాడు రాసుకుని, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పైకి పంపేసరికి రోగమే మారిపోతుంది. ఫారంలో రోగం పేరు రాసే గడి కన్నా లక్షణాల గడి ముందు ఉండాలి, చూసింది చూసినట్టు రాయాలి. రెండు వైపులా మారని గుర్తు ఒకటి మాత్రం ఉంది: పశువు చెవికి వేసిన 12 అంకెల పసుపు బిళ్ల. ఆ నంబరు రాసుకుంటే ఆ గొడ్డు ఎవరిది, ఎప్పుడు ఏ టీకా పడింది అన్నది ఏ రాష్ట్రం నుంచైనా చూడొచ్చు. మేకలకు, గొర్రెలకు చాలా ఊళ్లలో ఇంకా బిళ్లలు లేవు, అక్కడ యజమాని పేరే దిక్కు.

శవాన్ని కోసే ముందు

హఠాత్తుగా చచ్చిన గొడ్డు దగ్గర మొదటి ప్రశ్న ఒక్కటే: ఇది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చా? ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే, శవం త్వరగా ఉబ్బి, కాళ్లు బిర్రబిగుసుకోకుండా మెత్తగా ఉంటే కత్తి ముట్టకూడదు. శవం లోపల ఉన్నంతవరకు ఆ సూక్ష్మజీవి బలహీనమే, కుళ్లుతో పాటే చాలావరకు నశిస్తుంది. కోసి గాలి తగలనిస్తే గట్టి బీజాలుగా మారి నేలలో దశాబ్దాలు ఉంటుంది. ఇవాళ ఒక గొడ్డును కోసిన చోట మనవల కాలంలో కూడా గొడ్లు పడొచ్చు. కోరాపుట్ జిల్లాలో చచ్చిన గొడ్డు మాంసం కోసి తిన్నవాళ్లకు చర్మం మీద దొమ్మ పుండ్లు వచ్చిన సందర్భాలు పదే పదే నమోదయ్యాయి. నొప్పి లేకుండా నడుమ నల్లగా మాడినట్టుండే పుండు దాని గుర్తు. అలాంటి పుండు కనబడితే అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి, మందు పడితే నయమయ్యే జబ్బే.

మాంసం తినొద్దని చెప్పడం తేలిక. కొండ మీద ఏడాదికి నాలుగుసార్లు మాంసం వండుకునే ఇంటికి 80 కిలోల మాంసం పాతిపెట్టమని చెప్పడం తేలిక కాదు. ఆ మాట యూనిఫారం వేసుకున్నవాళ్లు చెబితే రాత్రికి కోస్తారు. గూడ పెద్ద చెప్పాలి, బారికి చేత చాటింపు వేయించాలి, గొయ్యి తవ్వే కూలి డబ్బు అక్కడికక్కడే చేతిలో పెట్టాలి.

దొమ్మ అనుమానం ఉన్న శవం నుంచి కావలసింది చెవి కొసన సిర నుంచి ఒక్క చుక్క రక్తం. గాజు పలక మీద పల్చగా పూసి ఆరబెడితే చాలు. పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగు వేసి చూస్తే, చివరలు నలుపలకగా ఉన్న నీలి కడ్డీల చుట్టూ గులాబీ రంగు పొర కనబడుతుంది. జిల్లా ప్రయోగశాలలో గంటలో తేలే పని ఇది. గాటు పెట్టిన చోట ఫార్మలిన్‌లో ముంచిన దూది అదిమి, ముక్కు, నోరు, వెనుక ద్వారాలను కూడా అలాగే మూసేయాలి.

నమూనా చెడేది ఎక్కడ

దొమ్మ కాదని తేలాక మిగతా నమూనాల పని. ఏ రోగానికి ఏం తీయాలో తెలియక సగం పెట్టెలు వృథాగా ప్రయాణం చేస్తాయి. గాలికుంటుకైతే నాలుక మీద తాజాగా పగిలిన పొక్కు చర్మం గ్రాము వరకు, గ్లిజరిన్, ఫాస్ఫేట్ బఫర్ సగం సగం కలిపిన ద్రవంలో వేయాలి. మూడు రోజులైన పుండులో వైరస్ దొరకడం కష్టం, అప్పుడే పొక్కు లేచిన గొడ్డును వెతకాలి. పారుడుకైతే బతికున్న మేకల కంటి, ముక్కు స్రావాలు దూది పుల్లలతో తీయాలి, చచ్చిన వాటి ఊపిరితిత్తి, ప్లీహం, పేగు దగ్గరి గ్రంథి ముక్కలు తీసుకోవాలి. ముద్దచర్మానికి ఎండిన పక్కు, గడ్డకట్టనివ్వని ఈడీటీఏ గొట్టంలో రక్తం. గొంతువాపుతో చచ్చిన గొడ్డు నుంచి తీసుకోదగ్గది కాలి పొడుగు ఎముక. శవం కుళ్లినా మూలుగలో సూక్ష్మజీవి నిలిచి ఉంటుంది.

తప్పులు అవే మళ్లీ మళ్లీ జరుగుతాయి. అన్నిటినీ ఫార్మలిన్‌లో వేసేస్తారు. ఫార్మలిన్ కణజాలాన్ని కాపాడుతుంది, వైరస్‌ను చంపుతుంది. ముందు ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సూది వేసి, సాయంత్రం గొంతువాపు నమూనా తీస్తారు, ఫలితం శూన్యమని వస్తుంది, ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంది, మర్నాడు ఇంకో గేదె పడుతుంది. పేరు రాసిన కాగితాన్ని మంచుపెట్టెలో సీసాకు చుడతారు, పెట్టె చేరేసరికి కాగితం గుజ్జవుతుంది. సీసా మీద తెల్ల ప్లాస్టర్ అంటించి పెన్సిల్‌తో రాస్తే చెదరదు. వివరాల కాగితం పెట్టె మూత బయట, ప్లాస్టిక్ కవర్లో ఉండాలి. సీసా ఒక గిన్నెలో, ఆ గిన్నె చుట్టూ ఊట పీల్చే దూది, అన్నీ కలిపి థర్మోకోల్ పెట్టెలో: మూడు పొరలు. లోపల సీసా పగిలినా బస్సులో పక్కవాడి కాళ్ల మీద కారకూడదు.

ఒడిశా వైపు నమూనాలు కటక్ దగ్గర ఫుల్‌నఖరాలోని పశువ్యాధుల పరిశోధన సంస్థకు వెళ్తాయి. గాలికుంటు జాతీయ సంస్థ భువనేశ్వర్ పక్కన అరుగుల్‌లోనే ఉంది. దేశంలోకి కొత్తగా అడుగుపెట్టిన రోగమని అనుమానిస్తే భోపాల్ అత్యున్నత భద్రతా ప్రయోగశాలకు పంపాలి. శుక్రవారం సాయంత్రం పెట్టె పంపితే సోమవారం దాకా ఏదో ఒక గదిలో మంచు కరుగుతూ ఉంటుంది. బయలుదేరే ముందు అవతల తీసుకునే మనిషికి ఫోన్ చేయడం కూడా నమూనా తీయడంలో భాగమే.

ఫలితం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. కట్టడికి ఫలితం అవసరం లేదు, అనుమానం చాలు.

సంత ఆపడం

రోగం నడిచే దారి సంత నుంచి సంతకు ఉంటుంది. ఒడిశా కొండ సంతల్లో కొన్న ఎడ్లు, మేకలు చిన్న బేరగాళ్ల చేతులు మారి కోటబొమ్మాళి మండలం నారాయణవలస, విజయనగరం జిల్లా మానాపురం వంటి పెద్ద సంతలకు దిగుతాయి. అక్కడ అమ్ముడుపోని గొడ్డు వెనక్కి వెళ్లదు, దారిలో ఇంకో సంతలో నిలబడుతుంది. వారంలో మూడు చోట్ల నిలబడిన మేక మూడు చోట్లా తుమ్ముతుంది. పారుడు పైకి కనబడడానికి నాలుగైదు రోజులు పడుతుంది, ఆ నాలుగైదు రోజుల్లో అది మంచి మేకగానే ధర పలుకుతుంది.

చట్టంలో రెండు మెట్లు ఉన్నాయి. రోగం ఉన్న చోటును పశువైద్యుడు సోకిన ప్రాంతంగా ప్రకటించవచ్చు. ఇంకా పెద్ద పరిధిని నియంత్రిత ప్రాంతంగా రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తుంది, అక్కడి నుంచి ఆ జాతి పశువుల్ని కదల్చకూడదు, సంత, జాతర పెట్టకూడదు. మొదటి మెట్టు అదే రోజు ఎక్కవచ్చు, రెండోదానికి ఫైలు కదలాలి. మధ్యలో వచ్చే సంతను ఆపేది కలెక్టర్ ఉత్తర్వు, పోలీసు స్టేషన్, పంచాయతీ, వీటితో పాటు సంత పాట పాడుకున్న కాంట్రాక్టరు. ఏడాదికింత అని డబ్బు కట్టేసినవాడు రెండు వారాల ఆశీలు పోతే ఊరుకోడు, గేటు మూస్తే పక్క పొలంలో సంత పెట్టిస్తాడు. వేలం ఒప్పందంలోనే ‘రోగం వల్ల మూసిన వారాలకు పాట సొమ్ము తగ్గిస్తాం’ అని ఒక వాక్యం ఉంటే ఈ పోరు ఉండదు. అందరం టీకా బడ్జెట్ గురించి మాట్లాడతాం, ఈ ఒక్క వాక్యం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఒక వైపు సంత మూసి, రెండో వైపు తెరిచి ఉంచితే మూయకపోవడమే మేలు. గొడ్లన్నీ తెరిచిన సంతకే వెళ్తాయి, అదీ రాత్రి, కాలిదారిన, ఏటి రేవులో దాటి. అప్పుడు ఎవరి దగ్గరా లెక్క ఉండదు. చెక్‌పోస్టు పెట్టేటప్పుడు కూడా తారు రోడ్డు మీద ఒక బృందం ఉంటే సరిపోదు, ఎండాకాలంలో వంశధారలో గొడ్లు దాటే రేవులేవో పశులకాపర్లను అడిగి అక్కడ మనిషిని పెట్టాలి. మేత కోసం తిరిగే గొర్రెల మందలను తరిమేయకూడదు. తరిమితే రోగం వాటితో పాటే పోతుంది. ఉన్న చోటే నీళ్లు, మేత చూపించి మూడు వారాలు నిలపాలి.

క్రిమిసంహారకాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే తమాషా ఎక్కువ. రోడ్డుకు అడ్డంగా సున్నం చారలు గీయడం ఫోటోకు బాగుంటుంది. పొడి సున్నం మీద నుంచి ఒక్క క్షణం దొర్లిన టైరుకు ఏమీ కాదు. గాలికుంటు వైరస్‌కు ఆమ్లమూ పడదు, క్షారమూ పడదు, కాబట్టి చాకలి సోడా చాలు: 10 లీటర్ల నీళ్లకు 400 గ్రాములు, 4 శాతం. బండి టైర్లు, కాళ్ల చెప్పులు, పాల క్యాన్ల బయటి వైపు దీంతో తడిపి పది నిమిషాలు వదలాలి. కాస్టిక్ సోడా అయితే 10 లీటర్లకు 200 గ్రాములు, కానీ అది చర్మాన్ని కాలుస్తుంది, అల్యూమినియాన్ని తింటుంది. పాల క్యాన్ల జోలికి, చేతి తొడుగులు లేని మనిషి జోలికి అది రాకూడదు. ముద్దచర్మం సాలల్లో 2 నుంచి 3 శాతం సోడియం హైపోక్లోరైట్ వాడతారు. ఏది వాడినా ముందు పేడ గీకి, నీళ్లతో కడగాలి, పేడ మీద పోసిన మందు పేడతోనే పోరాడి అయిపోతుంది. గేటు దగ్గర కాళ్లు ముంచే తొట్టి మధ్యాహ్నానికి పేడనీళ్ల తొట్టి అవుతుంది, రోజుకు రెండుసార్లు పారబోసి కొత్తది కలపకపోతే అది రోగం పంచే తొట్టి.

ముద్దచర్మం దగ్గర ఈ కాళ్లు కడగడం చాలా తక్కువ సాయం చేస్తుంది. దాన్ని మోసేవి కుట్టే ఈగలు, దోమలు, పిడుదులు. 2019లో దేశంలో మొదటిసారి అది బయటపడింది ఒడిశాలోనే, 2022 కల్లా రాజస్థాన్, గుజరాత్, మహారాష్ట్రల్లో లక్షల గొడ్లను పట్టుకుంది. ఏ చెక్‌పోస్టూ ఈగను ఆపలేదు. అక్కడ సాల దగ్గర పెంట తీయడం, సాయంత్రం పొగ, పిడుదుల మందు, టీకా కలిసి పనిచేయాలి.

టీకా బయటి నుంచి లోపలికి

రోగం ఉన్న ఊళ్లోనే ముందు టీకా వేయాలని ఊరివాళ్లు పట్టుబడతారు, నాయకులు కూడా అదే అడుగుతారు. చేయాల్సింది తిరగేసి. గుండ్రం అంచున ఉన్న శుభ్రమైన ఊళ్లతో మొదలుపెట్టి రోజుకొక వరుస చొప్పున లోపలికి రావాలి, రోగం ఉన్న ఊరు చివర. దీనికి కారణాలు రెండు. టీకా వేసిన వెంటనే రక్షణ రాదు, సుమారు రెండు వారాలు పడుతుంది, రోగం చేరకముందే వేసిన చోటే అది పనికొస్తుంది. రెండోది, పైకి బాగున్నా లోపల రోగం పొదుగుతున్న మేకకు టీకా వేస్తే అది నాలుగు రోజులకు ఎలాగూ పడుతుంది. ‘సూది వేశాకే చచ్చింది’ అన్న మాట సాయంత్రానికి పది ఊళ్లు తిరుగుతుంది, మర్నాడు బృందాన్ని ఏ గూడలోనూ అడుగుపెట్టనివ్వరు. ఈ అపవాదు తగిలాక కోలుకోవడానికి ఒక సీజన్ పడుతుంది.

5 కిలోమీటర్ల గుండ్రం అంటే సుమారు 78.5 చదరపు కిలోమీటర్లు. కొండల్లో ముప్పై నలభై గూడలు రావచ్చు. గూడకు 150 మేకల లెక్కన 40 గూడలకు 6,000 డోసులు. మూడు నెలల లోపు పిల్లల్ని వదిలేయాలి, వృథాకు పదో వంతు కలుపుకోవాలి. ఒక బృందం అంటే సూది వేసేవాడు, రాసేవాడు, మేకల్ని పట్టే ఊరి కుర్రాళ్లు ఇద్దరు. మేతకు తోలకముందు, తెల్లవారి 6 నుంచి 10 లోపు 150 నుంచి 200 మేకలు చేయగలరు. పశువులైతే అందులో సగమే. ఆరు బృందాలుంటే వారంలోపు గుండ్రం పూర్తవుతుంది, రెండే ఉంటే మూడు వారాలు, అప్పటికి రోగం గుండ్రం దాటిపోతుంది. బృందాలు రెండే ఉన్నప్పుడు గుండ్రాన్ని 3 కిలోమీటర్లకు తగ్గించడం తెలివైన పని, విస్తీర్ణం 28 చదరపు కిలోమీటర్లకు దిగుతుంది. పెద్ద గుండ్రాన్ని చిల్లులతో వదిలేయడం కన్నా చిన్న గుండ్రాన్ని పూర్తిగా నింపడం మేలు.

శుభ్రమైన ఊళ్లో మేకల్ని ఒకచోట పోగేసి వేయొచ్చు. రోగం ఉన్న ఊళ్లో పోగేయడమంటే రోగానికి సంత పెట్టినట్టు. అక్కడ ఇల్లిల్లూ తిరగాలి, మేకకో సూది వాడాలి, కుదరకపోతే కనీసం ఇంటికో సూది మార్చాలి. జబ్బు గొడ్లకు వైద్యం చేసే మనిషి ఆ రోజు టీకా బృందంలో ఉండకూడదు.

మంచుపెట్టె దగ్గర జరిగే పొరపాటు ఒకటి చూడండి. పారుడు, మేకల మశూచి టీకాలు పొడి రూపంలో ఉన్న బతికున్న వైరస్. వాటికి మంచు తగిలినా ఇబ్బంది లేదు, వేడే శత్రువు. ద్రవంలో కలిపాక మంచు మీద ఉంచి రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. 100 డోసుల సీసా విప్పేటప్పుడు ఎదురుగా ఎన్ని మేకలు నిలబడి ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాల తీరు వేరు. చంపిన సూక్ష్మజీవిని నూనెలోనో పటికలోనో కలిపి చేసినవి అవి. గడ్డకడితే పాడైపోతాయి, కరిగాక చూడ్డానికి బాగానే ఉంటాయి, పని మాత్రం చేయవు. రెండు రకాల సీసాలను ఒకే పెట్టెలో, ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన మంచు ప్యాకులకు ఆనించి సర్దితే ఒకదాన్ని కాపాడి రెండోదాన్ని చంపినట్టే. మంచు ప్యాక్ బయట పెట్టి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు గలగలమన్నాక పెట్టెలోకి సర్దాలి. రెండింటికీ నిల్వ 2 నుంచి 8 డిగ్రీలు.

ముద్దచర్మానికి గొడ్లకు ఎక్కువగా వేసేది మేకల మశూచి టీకాయే, కానీ వైరస్ మోతాదు మేకకు వేసే దానికి పది రెట్లు. సీసా మీద 100 అని ఉంటే 100 గొడ్లకు సరిపోతుందని ఇండెంట్ రాస్తే తప్పవుతుంది. ఆ బ్యాచ్ బలం ఎంతో, శాఖ ఎన్ని మిల్లీలీటర్లు చెప్పిందో చూసుకునే రాయాలి. దొమ్మ టీకాతో ఇంకో చిక్కు, అది కూడా బతికున్న బీజాలే. యాంటీబయాటిక్ పడిన గొడ్డుకు వేస్తే ఆ మందు టీకానే చంపుతుంది. కనీసం వారం ఎడం ఉండాలి.

గొంతువాపు మాత్రం ఈ వరుసకు లొంగదు. తొలకరి వానలకు గేదెలు ఒక్క రోజులో పడిపోతాయి, రెండు వారాల టీకా రక్షణ కోసం ఆగితే సాల ఖాళీ అవుతుంది. అక్కడ థర్మామీటరే మొదటి ఆయుధం. జబ్బు గొడ్డుతో కలిసి తిరిగిన ప్రతి గొడ్డుకూ ఉదయం జ్వరం చూడాలి, 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినదానికి గొంతు వాచకముందే మందు పడాలి. గొంతు వాచాక వేసిన మందు చాలావరకు యజమాని తృప్తికే.

పాతిపెట్టడం

పెద్ద గొడ్డు ఒక్కదానికి 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల లోతు గొయ్యి కావాలి. శవం పడుకున్నాక పైన 5 అడుగుల మట్టి మిగలాలి. ఒక గొడ్డు చోటులో అయిదు మేకలు పడతాయి. బావికి, గెడ్డకు దూరంగా, వానాకాలం ఊటనీరు పైకి రాని మెట్ట మీద తవ్వాలి. నదీ తీరంలో ఇసుక తేలికగా తవ్వుడవుతుందని అక్కడే పాతుతారు, మొదటి వరదకు శవం పైకి తేలుతుంది, కుక్కలు రెండు ఊళ్లకు పంచుతాయి. పూడ్చేముందు పొట్టలో కత్తితో పొడిచి గాలి తీయాలి, లేకపోతే ఉబ్బి మట్టిని పైకి నెడుతుంది. దొమ్మ శవానికి ఇది పనికిరాదు, దాన్ని పొడవకూడదు.

సున్నం సంగతి: మిగతా రోగాలకు వాసన, కుక్కల బెడద తగ్గించడానికి చల్లొచ్చు. దొమ్మకు వద్దు. సున్నంలోని క్యాల్షియం బీజాలు నిలిచి ఉండడానికి సాయపడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఆ పద్ధతిని మానేయమన్నాయి. మన దగ్గర పాత సర్క్యులర్లు ఇంకా సున్నమే రాస్తున్నాయి. దొమ్మ శవాన్ని కాల్చడం ఉత్తమం, కట్టెలు దొరక్కపోతే పడిన చోటే లోతుగా పాతి, నెత్తురు కారిన మట్టిని గీకి గోతిలోనే వేసి, ఫార్మలిన్ ద్రావణంతో తడపాలి. ఈడ్చుకుపోకూడదు, ఈడ్చిన దారి అంతా నెత్తురు గీత అవుతుంది.

దాచేవాళ్లను ఏం చేయాలి

జబ్బు మేకను సగం ధరకు ఆ రాత్రే అమ్మేసే రైతును తిట్టి లాభం లేదు. అతని లెక్క సరైనదే: రేపు చస్తే ఏమీ రాదు, ఇవాళ రెండు వేలన్నా వస్తుంది. రోగం ఉన్న ఇళ్ల వరకు మేత, దాణా ఇంటికే చేర్చి, పాలు అమ్ముకోలేని రోజులకు ఏదో ఒక సాయం మొదటి వారంలోనే చూపించిన చోట దాచడం తగ్గుతుంది. చచ్చిన గొడ్డుకు బీమా సొమ్ము కావాలంటే చెవి బిళ్లతో సహా ఫోటో, పంచనామా కావాలి, పాతిపెట్టాక గుర్తొచ్చి గొయ్యి తవ్విన సందర్భాలు ఉంటాయి. పాతిపెట్టే బృందంలో ఒకరి ఫోన్ ఈ పనికే కేటాయించాలి.

ఎప్పుడు ఎత్తేయాలి

కట్టడి ఎత్తేసే రోజు రోగాన్ని బట్టి ఉంటుంది. అంతర్జాతీయ పశు ఆరోగ్య ప్రమాణాల్లో పొదుగుడు కాలం (రోగం సోకాక పైకి కనబడడానికి పట్టే గరిష్ఠ గడువు) గాలికుంటుకు 14 రోజులు, పారుడుకు 21, ముద్దచర్మానికి 28. చివరి జబ్బు గొడ్డు కోలుకున్న లేదా చచ్చిన రోజు నుంచి కనీసం అన్ని రోజులు కొత్త కేసు లేకుండా గడవాలి. మధ్యలో ఒక్కటి పడినా లెక్క మళ్లీ ఒకటి నుంచి. సంత తెరిచిన మొదటి రెండు వారాలు ఒక చివర పశువైద్యుడి బల్ల వేసి, బిళ్ల నంబరు, వచ్చిన ఊరు, కొన్నవాడి ఊరు రాయించాలి. కొన్న మేకను మూడు వారాలు ఇంటి మందలో కలపకుండా వేరే కట్టేయమని అక్కడే చెప్పి పంపాలి.

ఆ చివరి కేసు తేదీని ఒక్క రిజిస్టర్ చూసి రాయకూడదు. గుణుపురం వైపు చివరి మేక 3వ తేదీన పడి, భామిని వైపు ఇంకోటి 12న పడితే, గుణుపురం సంత 24న తెరుచుకోదు. 21 రోజులు 12 నుంచి లెక్కపెట్టాలి.